బరువు తగ్గించే శస్త్రచికిత్సలు: సరిదిద్దుకుంటూ సాగిన చరిత్ర

స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కొందరికి కొన్నేళ్ల తరువాత మరొక శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఈ మాట వినగానే బంధువులు ‘నోరు కట్టుకోలేకపోయాడు’ అని రోగినే తప్పుపడతారు. చరిత్ర తెలిసినవారు అంత తొందరపడరు. ఈ రంగంలో దాదాపు ప్రతి కొత్త పద్ధతీ పాతదాని లోపాలను సరిదిద్దడానికి వచ్చినదే. ఆ లోపాలు తేటతెల్లం కావడానికి ఒక్కొక్కసారి పది, పదిహేనేళ్లు పట్టింది.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో క్రెమెన్, లిన్నర్ బృందం కుక్కలపై ప్రయోగాలు చేస్తూ చిన్నప్రేగులో ఏ భాగం ఏ పోషకాలను గ్రహిస్తుందో పరిశీలించింది. 1954లో ఆ ఫలితాలను ప్రకటించినప్పుడు, ఒక స్థూలకాయ రోగికి చిన్నప్రేగు మొదలును చివరతో కలిపి నడుమ భాగాన్ని ఆహారమార్గం నుంచి తప్పించిన సంగతిని కూడా తెలియజేసింది. లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ మరికొంత ముందుకు వెళ్లి చిన్నప్రేగును నేరుగా పెద్దప్రేగుకు కలిపారు. బరువు వేగంగా తగ్గింది. దానితోపాటు ఆగని విరేచనాలు, లవణాల నష్టం, కాలేయ విధ్వంసం వచ్చాయి. తగినంత చిక్కిన పిమ్మట ప్రేగును తిరిగి కలుపుదామన్నది వారి ఆలోచన. కలిపిన తరువాత పోయిన బరువంతా తిరిగి వచ్చింది. 1969లో వారు మరొక కొలత ప్రకటించారు. సుమారు ఇరవై అడుగుల చిన్నప్రేగులో మొదటి 14 అంగుళాలు, చివరి 4 అంగుళాలు మాత్రమే ఆహారమార్గంలో ఉంటాయి. ఈ పద్ధతి 1970లలో విరివిగా ప్రచారం పొందింది.

దీని దుష్ఫలితాలను కొంత వివరంగా చెప్పాలి. ఆహారంలోని కాల్షియం పాలకూర వంటివాటిలో ఉండే ఆక్సలేట్‌ను ప్రేగులోనే పట్టుకొని మలంతో బయటకు పంపుతుంది. ప్రేగు పొట్టిదైనప్పుడు జీర్ణం కాని కొవ్వు కాల్షియంను లాక్కొంటుంది. విడిగా మిగిలిన ఆక్సలేట్ పెద్దప్రేగు ద్వారా రక్తంలో చేరి మూత్రపిండాలలో రాళ్లు కడుతుంది. కొందరికి మూత్రపిండాలే విఫలమయ్యాయి. పనిలేక పడి ఉన్న ప్రేగుభాగంలో సూక్ష్మజీవులు పెరిగి కీళ్లనొప్పులు, చర్మంపై దద్దుర్లు కలిగాయి. విటమిన్ ఎ అందక రేచీకటి వచ్చింది. కాలేయం చెడి మరణించినవారూ ఉన్నారు. 1980 నాటికి శస్త్రవైద్యులు ఈ పద్ధతిని దాదాపుగా విడిచిపెట్టారు. అప్పటికే చేయించుకొన్నవారిలో ఎందరికో ప్రేగును తిరిగి కలపవలసివచ్చింది. కలిపితే బరువు పెరుగుతుంది, కలపకపోతే కాలేయం పోతుంది. అందువలన ప్రేగును కలుపుతూనే జీర్ణాశయాన్ని చిన్నది చేసే మార్గాన్ని కొందరు ఎంచుకొన్నారు. సవరణ శస్త్రచికిత్సల తొలి అధ్యాయం అదే.

జీర్ణాశయాన్ని చిన్నది చేయడం అయోవా విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ మేసన్ ఆలోచన. కడుపులోని పుండ్లకు జీర్ణాశయంలో కొంతభాగం తీసివేసిన స్త్రీలు తిరిగి బరువు పెరగలేకపోవడం ఆయన దృష్టికి వచ్చింది. 1966లో ఇటోతో కలిసి ఆయన గ్యాస్ట్రిక్ బైపాస్ ఆరంభించారు. తరువాత 1977లో గ్రిఫెన్, స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు రూ పేరిట ఉన్న వై ఆకారపు కలయికను దీనికి జోడించి, పైత్యరసం పైకి ఎగదన్నకుండా చేశారు. నేటికీ నిలిచిన పద్ధతి ఇది.

అయినా దీనికీ ఒక మూల్యం ఉంది. ఇనుమును ముఖ్యంగా గ్రహించే ప్రేగు మొదటి భాగాన్ని ఆహారం తాకదు. బి12 గ్రహణకు జీర్ణాశయం స్రవించే పదార్థం ఆహారంతో సరిగా కలవదు. కాబట్టి రక్తహీనత సాధారణం. ఇక్కడ మన భీమవరం వాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన సారథ్యంలోనే ఫోలిక్ ఆమ్లం తయారయింది. అయితే బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది కానీ నాడుల నష్టం ఆగదు. శాకాహారులలో బి12 ముందే తక్కువగా ఉంటుంది గనుక వారు మరింత జాగ్రత్తపడాలి.

బరువు తగ్గి కొవ్వు కరిగాక, ప్రేగులను పట్టి ఉంచే పొరలోని సందులు వెడల్పవుతాయి. ఏళ్ల తరువాత కూడా ప్రేగు అందులో దూరి మెలిపడవచ్చు. బైపాస్ అయినవారికి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే దానిని ‘గ్యాస్’ అని సరిపెట్టుకోకూడదు. పొగత్రాగడం, నొప్పి మాత్రలు కలయిక వద్ద పుండ్లకు దారితీస్తాయి.

నడుమ వచ్చినవాటిలో జీర్ణాశయానికి పట్టీ బిగించే పద్ధతి ఒకటి. కోయడం, కలపడం లేవు గనుక సులభమనిపించింది. 2001లో అమెరికా అనుమతి వచ్చిన తరువాత విస్తరించింది. పట్టీ జారడం, జీర్ణాశయపు గోడను కొరుక్కొని లోపలికి పోవడం, అన్నవాహిక ఉబ్బడం వలన ఎంతోమందికి దానిని తీసివేశారు.

నేడు అత్యధికంగా చేసే స్లీవ్ పద్ధతి మొదట సంపూర్ణ చికిత్స కాదు. అతి స్థూలకాయులకు పెద్ద శస్త్రచికిత్స ఒకేసారి ప్రమాదమని రెండు విడతలుగా చేసినప్పుడు, అది మొదటి విడత. చాలామంది దానితోనే తగినంత తగ్గడంతో స్వతంత్ర చికిత్స అయింది. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసివేస్తారు గనుక వెనుకకు మళ్లే వీలు లేదు. సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కొందరిలో అన్నవాహిక లోపొర మారుతుంది. మందులకు లొంగకపోతే బైపాస్‌గా మార్చుతారు. బరువు తిరిగి పెరిగినవారికి ప్రేగును మరికొంత తప్పించే పద్ధతులున్నాయి. సవరణలో అతుకులు కారే ప్రమాదం మొదటిసారి కంటె ఎక్కువ. కనుక ఎండోస్కోపీ, పోషకాల పరీక్షలు, ఆహారపు అలవాట్ల పరిశీలన ముగిశాకనే నిర్ణయించాలి.

ఇదంతా చదివి శస్త్రచికిత్సనే భయపడనవసరం లేదు. స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాల అధ్యయనం, శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తక్కువని 2007లో చూపింది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో ఇప్పుడు ఈ చికిత్సలు విరివిగా జరుగుతున్నాయి. చేయించుకొన్నవారికి రెండు మాటలు. వాంతులు వారాల తరబడి ఆగకపోతే విటమిన్ బి1 అడుగంటి చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం జరగవచ్చు. అటువంటివారికి గ్లూకోజు సెలైన్ ఎక్కించక ముందే బి1 ఇవ్వాలి. శస్త్రచికిత్స సంగతి అత్యవసర విభాగంలో మొదటే చెప్పండి. రెండవది, ఏ పద్ధతి చేశారు, ఎంత ప్రేగు తప్పించారు అన్న వివరాలున్న కాగితాన్ని జీవితాంతం భద్రపరచండి. పదేళ్ల తరువాత సవరణకు పూనుకొనే వైద్యుడు మొదట అడిగేది దానినే.