'మూట్' విశేషణం: అర్థభేదమా, అర్ధభాగమా?

ఇంగ్లీషు న్యాయపరిభాషలోని 'మూట్' అనే విశేషణానికి రెండర్థాలు చెప్పి, వాటిని పరస్పర విరుద్ధాలుగా లెక్కగట్టి, ఒకదాన్ని వదిలేయమనడం వాడుక నిఘంటువులకు పరిపాటి అయింది. బ్రిటన్‌లో అది ఇంకా తేలని, వాదించదగ్గ విషయం. అమెరికాలో తేల్చినా ప్రయోజనం లేని విషయం. పాత అర్థంలో వాడితే నేటి అమెరికన్ పాఠకులు తికమకపడతారని వాడుక నిఘంటుకర్త బ్రయన్ గార్నర్ హెచ్చరించారు. వాడుక విషయంలో ఆయన మాట కాదనలేం. కానీ ఒక మాట ఏ పనిలోంచి పుట్టిందో చూడకుండా అందులో సగాన్ని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు.

పాత ఇంగ్లీషులో 'గెమోట్' అంటే సభ. 'మూట్' అందులోంచే వచ్చింది. తర్వాతి కాలంలో లండన్‌లోని ఇన్స్ ఆఫ్ కోర్ట్‌లో న్యాయవిద్యార్థులు పెద్దల ఎదుట కల్పిత వ్యాజ్యాలు వాదించేవారు. ఆ వాదానికే 'మూట్' అని పేరు. దానికి తేలిపోయిన ప్రశ్న పనికిరాదు, ఇరుపక్షాలకూ బలమున్నదే కావాలి. అయితే ఎవరు నెగ్గినా ఎవరి పొలమూ చేతులు మారదు. వాదయోగ్యత, నిష్ఫలత ఒకే గదిలో, ఒకే ప్రశ్నలో కలిసే ఉన్నాయి. ఇంగ్లండు ఒక సగం ఉంచుకుంది, అమెరికా రెండో సగం పట్టుకుపోయింది.

ఇందుకు 1974 నాటి డిఫ్యూనిస్ వర్సెస్ ఓడిగార్డ్ తీర్పును మించిన సాక్ష్యం లేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాల 1971లో మార్కో డిఫ్యూనిస్‌కు సీటు నిరాకరించింది. కింది కోర్టు ఉత్తర్వుతో ఆయన చేరారు. వ్యాజ్యం సుప్రీంకోర్టులో తేలేనాటికి చివరి టర్ములో ఉన్నారు. తీర్పు ఎలా వచ్చినా చదువు పూర్తి చేయనిస్తామని కళాశాల చెప్పింది. దాంతో వ్యాజ్యం 'మూట్' అయిందని 5-4 ఆధిక్యంతో కోర్టు పక్కన పెట్టింది. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవచ్చా అన్న అసలు ప్రశ్న మీద కోర్టుకు సాయంగా బయటివారు వేసే అమికస్ వాదపత్రాలు 26 దాఖలై ఉన్నాయి! ఈ ప్రశ్న మళ్ళీ కోర్టు మెట్లెక్కక తప్పదని జస్టిస్ బ్రెనన్ అసమ్మతి తీర్పులో చెప్పారు. అది 1978లో 'బాకీ' (Bakke) అనే వ్యక్తి వ్యాజ్యంగా తిరిగొచ్చింది. డిఫ్యూనిస్‌కు సంబంధించి నిష్ఫలమైన ప్రశ్నే దేశానికి వాదయోగ్యంగా మిగిలింది. పాత అర్థాన్ని తీసేస్తే ఈ తీర్పులో జరిగిందేమిటో సగమే చెప్పగలం.

మన దగ్గర ఈ చీలిక మరోలా సర్దుకుంది. పిటిషన్ కోరిన ఉపశమనం ముందే అందిపోతే మన హైకోర్టులు దాన్ని 'ఇన్‌ఫ్రక్చువస్' అని కొట్టివేస్తాయి. నిష్ఫలతకు వేరే మాట అందుబాటులో ఉండబట్టే, విశాఖలోనో హైదరాబాదులోనో మూట్ కోర్టు పోటీలకు వెళ్ళే విద్యార్థికి 'మూట్' అంటే వాదించాల్సిన ప్రశ్నగానే నిలిచిందని నా వాదన. అమెరికన్ కోర్టులు అలాంటి మరో మాటను వాడుకలోకి తెచ్చుకోలేదు. అక్కడి అర్థసంకోచానికి మూలం పాఠకుల తికమకలో లేదు, ఈ లోటులోనే ఉంది.