గుర్రాల దుమ్ములో కనబడని ఆడవాళ్లు

1854 అక్టోబరు 25న క్రిమియాలోని బాలాక్లావా దగ్గర, అర్థం సరిగా తెలియని ఒక ఉత్తర్వు పట్టుకుని బ్రిటిష్ లైట్ బ్రిగేడ్ రష్యన్ ఫిరంగుల మీదికి గుర్రాలను దౌడు తీయించింది. వెళ్లినవాళ్లు దాదాపు 670 మంది. సుమారు 110 మంది చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే టెన్నిసన్ దాన్ని పద్యం చేశాడు. సేనానుల తెలివితక్కువతనం సైనికుల వీరగాథగా మారింది. తర్వాత హాలీవుడ్ అందుకుంది. ఆ సినిమాలు చూసినప్పుడల్లా నేను వెతికేది ఒక్కటే: ఇందులో ఆడవాళ్లెక్కడ?

1936లో మైకేల్ కర్టిజ్ తీసిన 'ది ఛార్జ్ ఆఫ్ ద లైట్ బ్రిగేడ్' లో నాయిక ఒలీవియా డి హావిలండ్. అన్నదమ్ములిద్దరి మధ్య నలిగిపోవడమే ఆమె పని. మిగిలిన ఆడవాళ్లు చుకోటీ అనే కల్పిత కోటలో, పిల్లలతో సహా, సూరత్ ఖాన్ మనుషుల చేతుల్లో చనిపోతారు. ఆ ఖాన్ రష్యన్లతో చేరతాడు కనుక బాలాక్లావా దాడి అతని మీద పగ తీర్చుకోవడం అవుతుంది. ఇది కాన్పూరు జ్ఞాపకం. 1857 జులైలో అక్కడ బీబీఘర్‌లో సుమారు 200 మంది ఇంగ్లీషు స్త్రీలను, పిల్లలను చంపారు. సినిమా ఆ ఘటనను మూడేళ్లు వెనక్కి జరిపి, తప్పుడు ఉత్తర్వుకు న్యాయమైన కారణం తయారుచేసింది. చనిపోయిన స్త్రీల శరీరాలు మగవాళ్ల పొరపాటును కప్పే దుప్పటి అయ్యాయి. 1857-58లో ఇంగ్లీషు సైన్యం ఊళ్ల మీద పడి చేసిన ప్రతీకార హత్యలు మాత్రం ఆ కథలో లేవు.

1968లో టోనీ రిచర్డ్‌సన్ తీసిన సినిమా దీనికి పూర్తిగా ఎదురు. పదవులు డబ్బిచ్చి కొనుక్కునే దొరలనూ, ఒకరంటే ఒకరికి పడని బావా బావమరదులు లూకన్, కార్డిగన్‌లనూ అది ఎండగడుతుంది. వర్గాన్ని ఇంత పదునుగా చూసిన సినిమా స్త్రీ దగ్గరికి వచ్చేసరికి పాతదారే పట్టింది. ఫానీ డ్యూబర్లీ అందులో కార్డిగన్‌తో సరసాలాడే మనిషిగా మిగిలిపోయింది.

అసలు ఫానీ 8వ హుస్సార్ల దళంలో జీతాల అధికారి భార్య. భర్తతో పాటు యుద్ధానికి వెళ్లింది. ఆ రోజు గుట్ట మీద నుంచి చూస్తూ, చెల్లాచెదురుగా తిరిగొస్తున్న చిన్న చిన్న గుంపులెవరో మొదట పోల్చుకోలేకపోయింది. అదే లైట్ బ్రిగేడ్ అని తర్వాత గ్రహించింది. కవికి కనబడని దృశ్యం అది. 1855లో ఆమె దినచర్య పుస్తకంగా వచ్చింది. ఆమెను మనం గుర్తుంచుకోవలసింది ఈ చూపు వల్ల, ఈ రాత వల్ల.

అయితే ఫానీని మన అక్కగా చేసుకుని పొంగిపోవడానికి నాకు మనసొప్పదు. 8వ హుస్సార్లు తిరుగుబాటును అణచడానికి మన దేశానికి వచ్చారు. ఫానీ కూడా వచ్చింది. రాజపుతానా, మధ్య భారత దండయాత్రల మీద 1859లో మరో పుస్తకం అచ్చువేసింది. 1858 జూన్ 17న గ్వాలియర్ దగ్గర కోటా కీ సరాయ్‌లో ఆ దళమే గుర్రాల మీద విరుచుకుపడింది. ఆ పోరులో ఝాన్సీ లక్ష్మీబాయి నేలకొరిగింది. ఆమె రౌతు వేషంలో ఉందని, చంపినవాడికి ఆమె ఎవరో తెలియదని చెబుతారు. ఆ రోజు దాడికి హుస్సార్లలో నలుగురికి విక్టోరియా క్రాస్ పతకాలు వచ్చాయి.

బాలాక్లావాలో ఓడిన దళం గ్వాలియర్‌లో గెలిచింది. ఓటమిని పద్యాలు, సినిమాలు విషాదంగా నిలబెట్టాయి. గెలుపులో చనిపోయిన మన రౌతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఒకే దళం కథలో ఇద్దరు స్త్రీలు: ఒకరు సైన్యం పక్క నుంచి చూసి రాసింది, ఇంకొకరు ఆ సైన్యం కత్తి కింద పోయింది. ఇద్దరూ ఆడవాళ్లే కనుక ఇద్దరి అనుభవమూ ఒకటే అనడం కుదరదు. స్త్రీల రాతలను వెలికి తీసే పనిలో ఉన్న మనం, రాసిన స్త్రీ ఏ గుర్రం మీద, ఎవరి పక్షాన కూర్చుని చూసిందో కూడా అడగాలి. ఫానీని సరసాల బొమ్మగా చూపించడం అన్యాయమని చెబుతూనే, ఆమె పుస్తకంలో లక్ష్మీబాయి శత్రువేనని చెప్పగలగాలి. ఈ రెండో మాట చెప్పకపోతే, మనం రాసే స్త్రీల చరిత్ర మళ్లీ గెలిచినవాళ్ల చరిత్రే అవుతుంది.