ఇంటి కంప్యూటరులో రెండవ భాండాగారము

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి, జనులు విరాటరాజు దిబ్బయని వ్యవహరించు ప్రాచీనస్థలమునకును, ఇటుకల బౌద్ధ మహాస్తూపమునకును, భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న జన్మమునకును నెలవైన గ్రామము. స్తూపము శతాబ్దులపాటు మట్టిలో అణగియుండి త్రవ్వకములచే బయల్పడినది. 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తాను తానీషా ప్రభుత్వమున పాల్వంచ పరగణా తహశీల్దారై, పిదప గోలకొండ చెరసాలలో మగ్గిన గోపన్న కీర్తనలు మాత్రము ఒక్కచోట దాగియుండక, భజనమండలుల కంఠములలో ఊరూర మారుమ్రోగుటచేతనే మన వరకు వచ్చినవి. ఒక కంఠము మూగవోయినను వేరొక కంఠమున పాట నిలిచినది. పాటలు, పెండ్లి ఫోటోలు, పెద్దల ఉత్తరముల ప్రతులు చేరిన గృహములోని కంప్యూటరునకు రెండవ హార్డ్‌డిస్కు నమర్చుటను ఈ దృష్టితోనే పరిశీలింపవలెను.

యంత్రముల చరిత్ర

ఐబీఎం సంస్థ రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున శాన్‌హొసేలో రూపొందించి 1956లో వెలువరించిన డిస్కు యంత్రము, 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములపై 50 లక్షల అక్షరములను నిలుపగలిగెను. 1980లో సీగేట్ సంస్థ ఇంచుమించు అంతే సామర్థ్యమును అయిదుంబావు అంగుళముల డిస్కులో ఇమిడ్చెను. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో 10 మెగాబైట్ల డిస్కు వ్యక్తిగత కంప్యూటరులోనికి ప్రవేశించెను. యూనికోడ్ తెలుగులో, యూటీఎఫ్-8 పద్ధతిని, ఒక్కొక్క సంకేతము మూడు బైట్లను ఆక్రమించినను, ఒక టెరాబైటు డిస్కు నేడు 33 వేల కోట్లకు మించిన సంకేతములను భరింపగలదు.

అమర్చు విధానము

ఐడీఈ అను పాత అనుసంధాన పద్ధతి కాలమున రెండు డిస్కులు ఒకే వెడల్పాటి కేబుల్‌ను పంచుకొనుచుండుటచే, జంపర్‌తో ఒకదానిని మాస్టర్‌గను, రెండవదానిని స్లేవ్‌గను నిర్ణయింపవలసివచ్చెడిది. 2003 నుండి విపణిలో వ్యాపించిన సాటా పద్ధతి ఆ చిక్కును తొలగించి, ప్రతి డిస్కునకు ఏడు తీగెల సన్నని కేబుల్‌ను వేరువేరుగ నొసగినది. కావున నేడు కంప్యూటరును ఆపి, ప్లగ్గును ఊడదీసి, దేహమందలి స్థిరవిద్యుత్తు తొలగుటకై క్యాబినెట్ లోహమును తాకి, డిస్కును ఖాళీ అరలో కదలకుండ స్క్రూలతో బిగించి, ఒక కేబుల్‌ను మదర్‌బోర్డునకును, మరియొకదానిని విద్యుత్సరఫరా పెట్టెకును తగిలించిన చాలును. అనంతరము కంప్యూటరు ప్రారంభ అమరికలైన బయోస్‌లో డిస్కు కనబడుచున్నదా యని చూచి, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానిని విభజించి ఫార్మాట్ చేయవలెను. రెండు టెరాబైట్లకు మించిన డిస్కునకు జీపీటీ అను విభజన పద్ధతియే తగినది. ఫార్మాట్ చేయుటకు ముందు డిస్కు సంఖ్యను మరల సరిచూచుకొనుట అత్యావశ్యకము, ఏలయన పొరపాటున పాత డిస్కును ఎన్నుకొన్నచో తరముల సంపద తుడిచిపెట్టుకొనిపోవును.

నకలే రక్ష

చాలమంది రెండవ డిస్కును ఖాళీ స్థలముగనే భావించి, మొదటిదాని బరువు తగ్గింపగోరి దస్త్రములను దానిలోనికి తరలింతురు. తరలించిన దస్త్రము ఒక్కటియే, నకలు చేసిన దస్త్రము రెండు. అయినను ఒకే పెట్టెలోని రెండు డిస్కులు ఒక్క పిడుగుపాటుకే నశింపవచ్చును గనుక, అపురూపమైన దస్త్రముల మూడవ ప్రతిని మరియొక ఊరి బంధువుల యింట నుంచుట వివేకము. ఏటేట ఆ ప్రతులను తెరచి, పాట వినబడుచున్నదో లేదో పరీక్షించి, డిస్కు వయసు మీరకమునుపే క్రొత్తదానిలోనికి ఎత్తివ్రాయువాడే తన కుటుంబచరిత్రకు నిజమైన భాండాగారి.