దక్కన్ రేడియో గొంతుకు ధర కట్టేదెవరు?

రేడియో మొదటి నుంచీ సర్కారుదే అనుకుంటాం. కాదు. 1927లో బొంబాయి, కలకత్తాల్లో దాన్ని నడిపింది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. మూడేళ్లకే దివాళా తీసింది. అప్పుడు సర్కారు నెత్తికెత్తుకుంది. 1936లో ఆలిండియా రేడియో అని పేరు పెట్టింది. మన హైదరాబాదు కథా అంతే. చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా మొదలుపెట్టిన స్టేషన్‌ను 1935లో నిజాం సర్కారు తీసుకుంది. అదే దక్కన్ రేడియో.

నిజాం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే ముసల్మాన్ అని లెక్కగట్టే పెద్దలున్నారు. ఆ రేడియోలో ఉర్దూదే పెత్తనం, దాచేదేముంది? కానీ తెలుగు, మరాఠీ, కన్నడం కూడా అక్కడ పలికాయి. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. తర్వాత్తర్వాత మా ఇంట్లో తెలుగు వార్తలూ, ఉర్దూ 'నైరంగ్' ఒకే సెట్టులో వినేవాళ్లం. దాన్ని గంగా జమునా తహజీబ్ అంటారని మాకెవరూ చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే సెట్టు మరి.

1997లో రేడియో, దూరదర్శన్ ప్రసార భారతి కిందికి వచ్చాయి. వాటిని ప్రైవేటుకిచ్చేయాలనే వాదన అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. ఇస్తే ఏం పోతుంది? టవర్లూ స్థలాలూ అందరికీ కనబడతాయి. కనబడనివి పాత టేపులు. పాతబడేకొద్దీ ధర పెరిగేది వాటికే. అయితే అన్నిటికీ కాదు. కొనేవాడికి కావాల్సింది పేరున్న గొంతు. విద్వాంసుల కచేరీలను ఆకాశవాణే సీడీలేసి అమ్మింది, తప్పనను. మరి ఊరూపేరూ లేని షాయర్ ముషాయిరాలో చదివిన గజలెవరికి కావాలి? దక్కనీ హాస్య నాటికెవరికి కావాలి? టేపు ఖరీదైన రోజుల్లో పాతది చెరిపి కొత్తది ఎక్కించేవారు. అప్పుడేది చెరపాలో స్టేషన్ వాళ్లు తేల్చారు. రేపు బజారు తేలుస్తుంది.

ఫ్రాన్సు 1987లో టీఎఫ్1 ఛానెల్‌ను అమ్మేసింది. పాత రికార్డింగులు కాపాడే ఇనా సంస్థను మాత్రం సర్కారు చేతిలోనే ఉంచుకుంది. ఇనా ఆ రికార్డింగుల మీద వ్యాపారమూ చేస్తుంది, దాచడమూ దాస్తుంది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. తరంగం ప్రజలదైతే, ప్రజల డబ్బుతో దానిమీద పలికిన గొంతు ఎవరిది? సెట్టుకు లైసెన్సు ఫీజు కట్టి మరీ విన్నది మా నాన్నల తరం. మైనారిటీల అవసరాలు చూడాలని ప్రసార భారతి చట్టం సెక్షన్ 12లో రాసుంది. రేపు టేపులు కొన్నవాడిని ఆ సెక్షను కట్టేస్తుందా?

అమ్మకం మాట ఎత్తేముందు హైదరాబాదు స్టేషన్‌లో ఉర్దూవి, దక్కనీవి, తెలుగువి ఎన్ని టేపులు మిగిలాయో జాబితా వేసి జనం ముందు పెట్టమనండి.