పొట్టేళ్ల పెంపకం: లాభనష్టాలను నిర్ణయించే కొనుగోలు మాసం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు గొర్రెలు ఉన్నాయి. దేశంలోని గొర్రెలలో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. మేత బీళ్లు తగ్గిపోతున్నందున మూడు, నాలుగు నెలల పొట్టేలు పిల్లలను కొని, పాకలోనే మేపి, మరో మూడు, నాలుగు నెలలకు విక్రయించే పద్ధతి ఇక్కడ విస్తరించింది. జాతి, దాణాల ఎంపికలో చూపే శ్రద్ధను చాలామంది పెంపకందారులు కొనుగోలు చేసే మాసంపై చూపరు. నష్టం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

నెమరువేసే జీవాల పొట్టలో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఎండు చొప్ప వంటి ముతక మేతతో ఈ వేడి అధికం. ఏప్రిల్, మే మాసాలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ వేడిని బయటకు పంపలేక పొట్టేలు మేత తగ్గిస్తుంది. తిన్న మేతలోని శక్తి కూడా కొంత రొప్పడానికే ఖర్చవుతుంది. 12 కిలోల పిల్ల 25 కిలోలకు చేరడానికి, రోజుకు 130 గ్రాముల చొప్పున పెరిగితే 100 రోజులు చాలు. పెరుగుదల 100 గ్రాములకు పడిపోతే 130 రోజులు కావాలి. ఆ అదనపు నెల దాణా, కూలి, అప్పుపై వడ్డీ పెంపకందారునిపైనే పడతాయి.

చిక్కేమంటే, తొలకరి పచ్చికకు ఎదకు వచ్చిన గొర్రెలు అయిదు నెలలకు, అనగా శీతకాలంలో ఈనుతాయి. ఆ పిల్లలు అమ్మకానికి వచ్చేసరికి ఎండలు ముంచుకొస్తాయి. అప్పుడు కొన్నవారు దాణాను ఉదయం పెందలకడనే, తిరిగి చల్లబడిన తరువాత వేయాలి. పాక పొడవు తూర్పు పడమరలుగా ఉన్నట్లయితే ఎండ లోపలికి తక్కువగా వస్తుంది.

వేసవి చివర బక్కచిక్కిన పిల్లలు చౌకగా దొరుకుతాయి, మంచి మేతతో త్వరగా కోలుకుంటాయి. అయితే తొలకరి లేత గడ్డిని ఆబగా మేసినా, ఒక్కసారిగా దాణా పెంచినా చిటుకు రోగం సోకి, లక్షణాలు కనిపించేలోపే మరణించవచ్చు. అందువలన వర్షాలకు ముందే టీకా, నట్టల నివారణ మందు ఇప్పించి, దాణాను రెండు వారాలలో క్రమేపీ పెంచాలి. వానలు ముదిరాక దోమలవంటి సన్నని కీటకాల ద్వారా నీలి నాలుక వ్యాధి వ్యాపిస్తుంది. దీనికి కూడా ముందుగానే టీకా వేయించాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం చల్లగా ఉంటుంది. ఖరీఫ్ కోతల అనంతరం వేరుశనగ కట్టె, కంది పొట్టు అందుబాటులోకి వస్తాయి. మేపడానికి ఇంతకంటె అనువైన కాలం లేదు.

ఇక బక్రీద్ గిరాకీ. ఈ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2010లో నవంబరు 17న రాగా, 2024లో జూన్ 17న వచ్చింది. అనగా 2010 పండుగ పొట్టేళ్లు వానలలో పెరిగితే, 2024 పండుగవి నడివేసవిలో పెరిగాయి. పండుగ మార్చి మాసానికి చేరే 2030 దశకపు తొలి సంవత్సరాలలో మేపుకాలం శీతకాలంలో పడుతుంది. పాత అలవాటు ప్రకారం కాక, ఆ ఏటి పండుగ తేదీ నుంచి వెనుకకు లెక్కించి పిల్లలను కొనవలసి ఉంటుంది.