సోలమన్ షెక్టరు: లుప్తగ్రంథ పరిశోధనము

1896వ సంవత్సరము మే నెల 13వ తేదీన కేంబ్రిడ్జి నగరమున సోలమన్ షెక్టరు అను యూదపండితుడు జీర్ణమైన యొక హీబ్రూ పత్రమును పరీక్షించి, అది శతాబ్దులుగా మూలభాషలో అలభ్యమైయుండిన బెన్ సీరా జ్ఞానగ్రంథములోనిదని గుర్తించెను. ఈ వృత్తాంతమును కేవలము అదృష్టఫలముగా వర్ణించుట పరిపాటియైనది. లూయిస్, గిబ్సన్ అను విదుషీమణులు, కవల సోదరీమణులు, ప్రాచ్యదేశయాత్రలో కొనితెచ్చిన పత్రము ఆయన కంటబడుట అదృష్టమే కావచ్చును. దానిని చూచిన కొలదికాలములోనే పోల్చుకొనగలుగుట మాత్రము అదృష్టము కాదు. తాల్ముదు, మిద్రాషు అను యూద శాస్త్రగ్రంథములయందు చెదరియున్న బెన్ సీరా వాక్యములనన్నిటిని ఏరి కూర్చి, ఆయన 1891లోనే యొక వ్యాసముగా ప్రకటించియుండెను. పోయిన గ్రంథముయొక్క రూపము ఆయన మనస్సునందు ముందుగనే సిద్ధమై యున్నది.

షెక్టరు 1847లో రుమేనియా దేశపు ఫోక్షానీ పట్టణమున, హసీద్ సంప్రదాయమునకు చెందిన కుటుంబమున జన్మించెను. బాల్యమున పాఠశాలలయందు సాంప్రదాయిక శాస్త్రాధ్యయనమును, పిదప వియన్నా, బెర్లిన్ నగరములయందు ఆధునిక పాఠపరిష్కరణ పద్ధతిని అభ్యసించి, ఆంగ్ల యూదపండితుడగు క్లాడ్ మాంటిఫియోర్ ఆహ్వానముపై 1882లో లండనుకు చేరెను. రబ్బీ నాథాను పేర వెలసిన ప్రాచీన నీతిగ్రంథమును, దాని రెండు పాఠములను పక్కపక్కన నిలిపి, 1887లో ప్రకటించిన పరిష్కరణము ఆయనకు పండితలోకమున స్థిరమైన కీర్తిని తెచ్చెను. 1890లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనను యూద శాస్త్రగ్రంథముల బోధకునిగా నియమించెను.

బెన్ సీరా క్రీస్తుపూర్వము రెండవ శతాబ్ది ప్రారంభమున యెరూషలేములో తన గ్రంథమును రచించెను; ఆయన మనుమడు ఈజిప్టుదేశమున దానిని గ్రీకులోనికి పరివర్తించెను. యూదుల పవిత్రగ్రంథముల పట్టికలో దానికి స్థానము లభింపలేదు. అయినను తాల్ముదు పండితులు దాని వాక్యములను ఆదరముతో ఉదాహరించుచునే యుండిరి. గ్రీకు పాఠము కతోలికుల బైబిలునందు నిలిచినది. తెలుగు కతోలికులును దానిని చదువుచున్నారు. ఆక్స్‌ఫర్డు పండితుడు మార్గోలియత్ గ్రీకు, సిరియాక్ అనువాదములనుబట్టి మూలభాషను ఊహించి, అది అర్వాచీనమైన రబ్బీల హీబ్రూకు సమీపమైనదని వాదించియుండెను. బెన్ సీరా కాలపు హీబ్రూ స్వరూపమెట్టిదో తేలినగాని బైబిలులోని కొన్ని గ్రంథముల కాలనిర్ణయము సాధ్యము కాదు. షెక్టరు ఆతురతకు కారణమిదియే.

ఆ పత్రముయొక్క జాడ కైరో పాతబస్తీయగు ఫుస్తాతులోని బెన్ ఎజ్రా సమాజమందిరమునకు తీసికొనిపోవుచున్నదని ఆయన గ్రహించెను. దైవనామాంకితమైన కాగితమును పారవేయరాదను నియమమున, యూదులు తాము విడిచిన వ్రాతలను గెనీజా అను గదిలో నిక్షేపింతురు. సెయింట్ జాన్స్ కళాశాలాధ్యక్షుడగు చార్లెస్ టేలర్ ధనసహాయముతో 1896 డిసెంబరులో కైరోకు బయలుదేరి, నిచ్చెన ఎక్కి ప్రవేశింపవలసిన ఆ గదిలో ధూళి నడుమ శ్రమించి, ఆరోగ్యమును కోల్పోయియు, ఆయన తెచ్చిన శకలములు నేటి గణన ప్రకారము సుమారు 1,93,000. కావ్యములు, ప్రార్థనలు, వ్యాజ్యపత్రములు, వివాహపత్రములు అన్నియు నందు గలవు. షెక్టరు దృష్టి మతవాఙ్మయముమీదనే నిలిచినను, ఆ రాశియందలి వర్తకలేఖలను తరువాతి కాలమున గోయిటీన్ అను చరిత్రకారుడు పరిశీలించి, 12వ శతాబ్దమున మంగుళూరున నివసించిన అబ్రాహాం బెన్ యీజు అను వర్తకుని చరిత్రను వెలికితెచ్చెను. మన పశ్చిమతీర వాణిజ్యచరిత్రకు ఇంతటి సాక్ష్యము దొరకుట సామాన్యవిషయము కాదు.

1899లో షెక్టరు, టేలరులు బెన్ సీరా శకలములను ప్రకటింపగా, మార్గోలియత్ అవి ప్రాచీనమూలము కావనియు, మధ్యయుగమున అనువాదముల నుండి మరల హీబ్రూలోనికి మార్చబడినవనియు ఆక్షేపించెను. వివాదము చిరకాలము సాగినది. 1964లో మసాదా దుర్గశిథిలములయందు క్రీస్తుపూర్వకాలమునకు చెందిన బెన్ సీరా హీబ్రూ ప్రతి బయల్పడినపుడు, గెనీజా ప్రతులలో లేఖకప్రమాదములును, కొన్నిచోట్ల సందేహాస్పదమైన పాఠములును ఉన్నను, అవి మూలతః ప్రాచీనపాఠమునే వహించుచున్నవని తేలినది.

1902లో న్యూయార్కునందలి యూద వేదాంత విద్యాలయమునకు అధ్యక్షుడై వెళ్లిన పిమ్మటను ఆయన పరిశ్రమ తగ్గలేదు. 1909లో వెలువడిన ఆయన రబ్బీమత తత్త్వగ్రంథమునకు నేను విశేషప్రాధాన్య మొసగుదును. యూదమతమనగా విధినిషేధముల భారమేయని క్రైస్తవ వేదాంతులు పలువురు వ్రాసిన కాలమున, ఆయన శాస్త్రాచరణమునందలి ఆనందమును గూర్చి యొక ప్రత్యేకాధ్యాయము రచించి, ఆచరించువారి ప్రార్థనలనుండియే ప్రమాణములను చూపెను. మతగ్రంథమును దానిని నమ్మినవారి హృదయముతో చదివినగాని దాని అర్థము దొరకదని ఆయన మతము. పాఠవిమర్శ కాఠిన్యమును ఆయన అందుకై ఎన్నడును సడలింపలేదు.

గెనీజా రాశినుండియే 1910లో ఆయన ప్రకటించిన, ఒక యూదశాఖ గ్రంథమునకు చెందిన సాదోకీయ శకలములను కొందరు మధ్యయుగపు కరాయీయులను యూదశాఖవారి రచనగా తలచిరి. షెక్టరు 1915లో దివంగతుడయ్యెను. తరువాత మృతసముద్ర తీరమందలి కుమ్రాన్ గుహలలో అదే గ్రంథముయొక్క ప్రాచీనప్రతులు దొరకినవి. ఆ రచన ఏ శాఖవారిదని షెక్టరు ఊహించెనో ఆ ఊహ నిలువలేదు. అది ప్రాచీనమైనదను ఆయన నిర్ణయము నిలిచినది.