బీడీఎస్ఎం కల్పనా రచనల్లో సమ్మతి, పీడన

బంధనం, ఆధిపత్యం, లొంగుబాటు, నొప్పి ప్రధానాంశాలుగా వయోజనులు పరస్పర అంగీకారంతో సాగించే లైంగిక ఆచరణలను బీడీఎస్ఎం అంటారు. ముందుగా హద్దులు మాట్లాడుకోవడం, ఎప్పుడైనా ఆపించగల సంకేతపదం ఇందులో ముఖ్య నియమాలు. ఈ నియమాలను కల్పనా రచనలు ఎంతవరకు చూపుతున్నాయి, పీడనను ప్రేమగా చిత్రిస్తున్నాయా అన్నది దీర్ఘకాలిక వివాదం.

ఆస్ట్రియా రచయిత జాకర్ మాజోఖ్ నవల 'వీనస్ ఇన్ ఫర్స్' (1870)లో నాయకుడు సెవెరిన్ తానే కోరి వాండాకు బానిసగా ఒప్పందం రాసిస్తాడు. పోలీన్ రేయాజ్ పేరుతో ఆన్ డెక్లో రాసిన ఫ్రెంచి నవల 'స్టోరీ ఆఫ్ ఓ' (1954)లో నాయిక అంగీకారం అడుగడుగునా కనిపిస్తుంది. అయితే ఆమెను ఎవరికి అప్పగించాలో ప్రియుడే నిర్ణయిస్తాడు. విమర్శకురాలు సూసన్ సాంటాగ్ ఈ నవలను సాహిత్యంగా పరిగణించగా, స్త్రీవాది ఆండ్రియా డ్వార్కిన్ 1974లో తీవ్రంగా ఖండించారు.

ఇ.ఎల్. జేమ్స్ నవల 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' (2011)లో లిఖిత ఒప్పందం, సంకేతపదం రెండూ ఉన్నాయి. విమర్శ పడకగదిపైనే కాక, దాని వెలుపలి ప్రవర్తనపైనా వచ్చింది: నాయకుడు ఫోన్ ఆధారంగా నాయిక జాడ తీస్తాడు, ఆమె తిండిని, స్నేహాలను అదుపు చేయజూస్తాడు. వయసు, డబ్బు, అనుభవాల్లో అంతరం ఉన్నచోట అంగీకారం ఎంత స్వేచ్ఛగా ఉంటుందన్నది మరో ప్రశ్న. బీడీఎస్ఎం ఆచరించేవారిలోనూ పలువురు ఈ చిత్రణను తప్పుపట్టారు. ఈ నవల ఆధారంగా 2015లో వచ్చిన హాలీవుడ్ చిత్రానికి భారత సెన్సార్ బోర్డు అనుమతి నిరాకరించింది.